సున్నా రోజు

పులియంతోపు ఆఫీసు, రెండో అంతస్తు.
ఫ్యాను తిరుగుతోంది,
గాలికి మాత్రం ఇంకా మంజూరు రాలేదు.
తెల్లగోడ మీద నా చార్టు:
పద్నాలుగు నెలల వాననీటి కాలవ పని
నూట పన్నెండు నీలం పట్టీలై
మెట్లు మెట్లుగా దిగుతోంది
ఒక పని మడమ మీద ఇంకో పని బొటనవేలు.

మూడు వారాలు అల్లాను దీన్ని.
సర్వే, డిజైను, టెండరు, తవ్వకం,
ఎవరు ఎవరికి జవాబు చెప్పాలో ఒక పట్టిక,
చివర్లో "అంచనాలు" అని ఏడు వాక్యాలు.
తెలియనిదాన్ని తెలిసినట్టు రాసుకోవడానికి
మా ఉద్యోగంలో ఉన్న మర్యాదైన మాట అది.

ఇళంగోవన్ సార్ తలూపారు.
"ఐదో తేదీ పూజ. టెంకాయ కొడితే మొదలైనట్టే."
నా చార్టులో టెంకాయ లేదు.
చేర్చాను. వ్యవధి, సున్నా రోజులు.
కాలం తినని పనిని మైలురాయి అంటుంది సాఫ్ట్‌వేర్,
వెంటనే ఒక నల్ల వజ్రం గుర్తు పెట్టింది.

"సందేహాలున్నాయా?"
ఎవరికీ లేవు. అందరూ ఫోన్లు తిరగేసి చూసుకుంటున్నారు.
నేను పట్టీలు సరిచూస్తూ
నోట్లోనే లెక్క పెడుతున్నాను, పదకొండు, పన్నెండు, పదమూడు...
లెక్కలన్నీ నాకింకా తెలుగులోనే వస్తాయి.
వెనక కుర్చీలోంచి ఎవరో అందుకున్నారు:
"పద్నాలుగో దాంట్లో తప్పుండాది మ్మా."

పెంచలయ్య. యూనియన్ పంపితే వచ్చాడు.
కాలవల్లో ముప్పై ఒక్క ఏళ్ళు, ఇంకో నెలలో రిటైరు.
అతని తెలుగు నా తెలుగు కాదు,
తాత నెత్తిన మూటతో నెల్లూరు దిక్కునుంచి వచ్చి
మూడు తరాలు అరవంలో నానిన తెలుగు.
నాననిచోట మాత్రం ఇనుములా ఉంది.

"ఆ గీత పోయే తావులో ఒక తొట్టి ఉండాది.
మీ పటంలో లేదు.
తొంభై ఆరులో తారు పోసి మూసేసినారు.
మూస్తే ఏం, నీళ్ళు దోవ మరిచిపోతాయా?"
"మీకెలా తెలుసు?"
"దిగినాం కదా. ఇద్దరం దిగినాం.
నేను ఎక్కినాను."

ఫ్యాను చప్పుడు అప్పుడు వినిపించింది.
సార్ తర్వాతి స్లైడు వెయ్యమన్నారు.
వేశాను. అందులో ఏముందో ఇప్పుడు గుర్తు లేదు.

మర్నాడు ఇంకా తెల్లవారకముందే
పెంచలయ్య చేతిలో గడ్డపార, నా చేతిలో సుద్దముక్క.
పాలవ్యాను వాళ్ళు హారన్ కొట్టి తప్పుకుంటున్నారు.
ఇడ్లీ బండి ఆమె విసుక్కుంటూనే
చక్రం కింద రాయి తీసి బండి జరిపింది.
టక్. టక్. టక్.
రోడ్డు రోడ్డులాగే పలికింది చాలాసేపు.
మసీదు మలుపు దాటాక
ఒకచోట కుండలా పలికింది.
అతను గడ్డపార దించేశాడు.
సుద్దతో గుండ్రంగా గీయమన్నాడు, తను గీయలేదు.
చెప్పులు విడిచి కాసేపు పక్కన నిలబడ్డాడు.
కొబ్బరికాయ లేదు, కర్పూరం లేదు.
ఒక ఆటో మా గుండ్రాన్ని తొక్కుకుంటూ పోయింది.

ఆఫీసుకొచ్చి నాలుగో అంచనా కొట్టేశాను:
"భూమి లోపల పాత కట్టడాలేవీ లేవు."
అన్నిటికంటే పైన కొత్త వరస తెరిచి
"నడిచి చూడడం" అని రాశాను.
ఎన్నాళ్ళు? అతన్నడిగితే
"ఒక్క మంచి వాన రానీయండి" అన్నాడు.
గడి మాటలు తీసుకోదు, అంకె కావాలంటుంది.
పంతొమ్మిది వేశాను.
నూట పన్నెండు పట్టీలూ ఒక్కసారిగా కుడివైపుకి జరిగాయి,
రేషన్ క్యూలో ముందు ఎవరో దూరినట్టు.

సార్ ఫోను: "ఏంటమ్మా, మొదలెట్టకముందే ఆలస్యమా?
టెంకాయలు కూడా చెప్పేశాను."
"కొట్టండి సార్. వజ్రం కదల్లేదు."

ఇక ఒక్క గడి మిగిలింది,
ఈ పని ఎవరు చేస్తారు అని.
పెంచలయ్య అని కొట్టాను.
పక్కన కామా పెట్టి ఆగాను.
రెండో పేరు అతను చెప్పలేదు.
నేనూ అడగలేదు.