చేవ తేలేదాకా

తిరుపతి డిపోలో నా పని నంబర్లెయ్యడం.
తెల్లరంగు డబ్బా, వెంట్రుకలు రాలిపొయ్యే బ్రష్షు,
దుంగ మొదట్లో కేసు, సంవత్సరం, తూకం.
వానకు చెరిగిపోతే మళ్లా వెయ్యాల.
మూల కుప్పకు ఇప్పటికి నాలుగుసార్లేసినా,
వాయిదాలు మాత్రం తెగలేదు.

మా జేజినాయన గొడ్డలి తిరగేసి
కామతో చెట్టును తట్టేవాడంట.
మోత విని చెప్పేవాడంట:
దీనికి చేవ తేలింది,
ఇది ఇంకా పసిది.
చెప్పి, తేనె కోసం పైకెక్కేవాడు.
చేవతో ఆయనకేం పని.

ఇప్పుడొచ్చేవాళ్లకు అంత చెవి లేదు.
గాటు పెట్టి చూస్తారు.
లోపల ఎరుపు కనబడితే పడగొడతారు,
తెల్లగుంటే ఇంకోదాని కాడికి పోతారు.
భాకరాపేట కనుమలో లోపలికి నడిస్తే
కొట్టినవాటికంటే చూసి వదిలేసినవే జాస్తి,
నడుం కాడ నోరు తెరుచుకోని.

మొన్న పట్టుకొచ్చిన కుప్పన్‌ది జవ్వాదు కొండ.
నీళ్లడిగితే చెంబిచ్చినా.
అరిచేతులు చూసి నావే అనుకున్నా.
ఈ దుంగలు యాడికి పోతాయప్పా అంటే
వాన వచ్చే దిక్కు చూపించినాడు.
ఆయప్పకు తెలీదు. నాకూ తెలీదు.
తెలిసినోని మీద నంబరెయ్యమని
నాకెవురూ డబ్బా ఇయ్యలేదు.

ఈ ఏడు నర్సరీ పని కూడా నాకే చుట్టినారు.
కాయకు రెక్కలు కత్తిరించి
పేడనీళ్లలో మూడు దినాలు నానేసి
సంచుల్లో గుచ్చితే
వందకు ముప్పై లేస్తే పండగే.
చేవ తేలను ఎన్నేండ్లు మేడం అంటే
"నలభై అనుకో" అనింది రేంజరమ్మ విమలాకుమారి,
సంతకం పెడతానే.
నా కాంట్రాక్టు పదకొండు నెలలు.
ఒక నెల ఇంట్లో కూచ్చోని
మళ్లా చేరాల, కొత్తోని మాదిరి.

రాత్రిపూట ప్రహరీ మింద నించి
కొండమెట్ల లైట్లు వరసగా కనబడతాయి.
ఆ వరసకు అవతల ఉండే చీకటే
నేను కాపలా కాసే అడవి, కాగితాల్లో.

పోయిన వారం లారీ ఒకటి వచ్చింది.
టార్పాలిన్ లాగితే
మణికట్టంత లావు కట్టెలు, నూటా పన్నెండు.
గాటు పెట్టి చూసే తీరిక కూడా లేనట్టుంది కొట్టినోళ్లకు.
ఒక్కదాంట్లోనూ ఎరుపు లేదు.
చేవ లేనిదాన్ని రాయను రిజిస్టరులో గడి లేదు.
నంబరేస్తే
తెల్లకట్టె మింద తెల్లరంగు ఆనలేదు.

నల్లరంగుకు ఇండెంటు పెట్టినా.
రాలేదింకా.