గురువారం దాకా మూత తియ్యొద్దు

విద్యారణ్యపురలో మా తేనె సంఘం
ఏడుగురు మనుషులు, ముప్ఫైనాలుగు పెట్టెలు.
మిద్దెల మీద, నీళ్ల ట్యాంకుల నీడలో,
ఆరేసిన దుప్పట్ల వెనక.
నెలకోసారి లెక్కలు నేను చదువుతాను:
సీసాలు, మూతలు, పొగడబ్బాకి కొబ్బరిపీచు.
ఎవరూ వినరు.
అందరి చూపూ అనంతశయనం గారు తెచ్చే
ఓళిగల డబ్బా మీదే.

శ్రీరామనవమి మర్నాడు పొద్దున
నంజుండప్ప తన మిద్దె మీద, మూడో పెట్టె పక్కన
బోర్లా పడి ఉన్నాడు.
ముప్ఫై ఏళ్లు గడియారాల ఫ్యాక్టరీలో చేసిన మనిషి.
చేతికున్నది ఇంకా నడుస్తోంది.
మెడ మీద పదకొండు చుక్కలు.

"ఈగలే, పాపం" అన్నారు అనంతశయనం గారు
అందరికన్నా ముందు, కళ్లొత్తుకుంటూ.
"ఈగలే" అంది ఫిలోమినా, సిలువ గీసుకుని.
వీధి వీధంతా కిటికీలు మూసుకుంది.
పెట్టెలన్నీ తగలబెట్టించాలని
ఎదురింటావిడ కార్పొరేషన్‌కి ఫోన్ కూడా చేసేసింది.

ఈగల మీద నేరం మోపడం ఎంత తేలిక!
వాటికి వకీలు లేడు.

ఎస్సై భాగ్యమ్మ మెట్ల దగ్గరే నిలబడి
కొంగు లేని యూనిఫాంలో కొంగు వెతుక్కుంటూ
"ఇవి నీకు తెలుసా?" అని కన్నడంలో అడిగింది.
తెలుసు.
కుట్టిన ఈగ బతకదు.
ముల్లుతో పాటు కడుపూ వదిలేసి పోతుంది.
పదకొండు కాట్లకి పదకొండు ముళ్లుండాలి,
చుట్టూ పదకొండు చిన్న శవాలుండాలి.

మోకాళ్ల మీద వంగి వెతికాను.
ఎండిన కానుగపూలు. ఒక చొక్కా బొత్తాం.
చీమలు లాక్కెళ్తున్న ఓళిగ ముక్క.
ఈగ ఒక్కటీ లేదు.
మెడలో ముల్లు లేదు, వాపు లేదు.
"వాపు బతికున్న ఒంటికే వస్తుందమ్మా" అన్నాను.
భాగ్యమ్మ రెండు మెట్లు పైకెక్కింది.

ఆ రాత్రి నిద్ర పట్టక లెక్కల పుస్తకం తెరిచాను.
వానల్లో పంచదార కొంటాం,
పూలు దొరకని నెలల్లో ఈగలకి పాకం పెట్టాలి గనక.
కానుగ విరగబూసిన చైత్రంలో
ఆరు బస్తాలు ఎవరికి?
చేతిరాత నాదే.
అడక్కుండా రాసుకున్నాను, ఓళిగ నములుతూ.
పక్కన ముత్యాల్లాంటి సంతకం: అనంతశయనం.
దాని కింద పెన్సిలు గీత,
ఉందో లేదో అన్నంత సన్నగా.
పోయిన వారం పుస్తకం అడిగి పట్టుకెళ్లింది నంజుండప్పే.
నాకొక్క మాట చెప్పి ఉంటే!
చెప్పడు.
గడియారం విప్పినవాడు
చివరి చక్రం చూసేదాకా నోరు విప్పడు.

మిగతాది పోలీసులు తీశారు.
ఫ్లాస్కు కాఫీలో నిద్రమాత్రలు.
పూజగదిలో, గంధపు గిన్నె వెనక,
రాణిని పెంచడానికి పురుగుపిల్లను ఎత్తే సూది,
మొన సానబెట్టి.
మా సంఘం పేరు అతికించిన సీసాల్లో
సగం పాకమేనట.
నేను మా చెల్లెలి బాలింతరాలికి పంపిన సీసాతో సహా.

జీపు ఎక్కబోతూ ఆయన ఆగారు.
నేను తిట్లు సిద్ధం చేసుకుని ఉన్నాను,
మా హిందూపురం తిట్లు, ఏరి ఏరి.
"దక్షిణం వైపు పెట్టెలో కొత్త రాణి ఉంది.
గురువారం దాకా మూత తియ్యొద్దు.
బెదిరిపోతుంది" అన్నారు.

నోట్లోంచి "సరేనండీ" అని వచ్చింది.

గురువారం తీశాను.
గదికొక గుడ్డు,
తెల్లదారం తుంచి నిలబెట్టినట్టు.
నా చేతులు వణికాయి గానీ ఈగలు వణకలేదు.
వాటికి ఎవరి మిద్దె అయినా ఒకటే,
ఎవరి పొగ అయినా ఒకటే.

ఈ నెల లెక్కలు అందరూ విన్నారు, పైసలతో సహా.
తినడానికి ఎవరూ ఏమీ తేలేదు.
పెట్టెలు ముప్ఫైనాలుగు అని చదివి
యజమాని పేర్ల వరస దగ్గరికొచ్చి
ఆ ఒక్క గడీ
ఖాళీగా వదిలేశాను.