ఎగువ చెంబు

మా పడవల రెండు చెంబులుంటయి.
ఒకటి ఇత్తడిది, మా అత్త ఇచ్చింది, మూతి కాడ సొట్ట.
ఇంకోటి స్టీలుది, మహాదేవపూర్ అంగట్ల కొన్నది.
ఇత్తడిది ఎగువ దిక్కు ముంచాలె,
స్టీలుది దిగువ దిక్కు.
పొరపాటున మారిందనుకో,
ఓదెలు ఆ పూట బువ్వ ముట్టడు.

కార్తీకం నుంచి శివరాత్రి దాంక
కాళేశ్వరం కింది దిక్కు
పదహారు మూరల పడవల మా కాపురం.
నీలి తాటిపత్రి కప్పు,
పొయ్యి, వలలు, ఐసు డబ్బా,
పిలువకున్నా ఎక్కి కూసున్న ఒక కుక్క.

ఊళ్లె అడుగుతరు:
"సుట్టూ గోదారే గదనే, నీకేం తక్కువ,
పొద్దుకు పదిసార్లు తానం జేస్తవేమో!"
ఏం జెప్పాలె.
నీళ్ల నడుమ ఉన్నోళ్లకే తెలుస్తది
నీళ్లన్నీ ఒక్కతీరు గావని.

మొదట్ల ఇంకా ఎర్రగనే ఉంటయి.
బిందెల ముంచి, చిల్లగింజ అరగదీసి కలిపి,
రాత్రంతా కదపకుండ ఉంచాలె.
పడవల కదపకుండ ఉంచుడంటే
బిందెను రెండు కాళ్ల నడుమ ఇరికిచ్చుకొని పండుకునుడే.
తెల్లారేసరికి బురద అడుక్కు, తేట మీదికి,
నా నడుము ఎటూ గాకుండ.

చేప వాసనది ఇంకో కథ.
అది సబ్బుకు భయపడది.
సబ్బు రుద్దితే చేపా, సబ్బూ
రెండూ కలిసి వాసనొస్తయి.
చింతపండు రుద్దిన, బూడిద రుద్దిన,
ఒడ్డు మీద చాయ్ అమ్మే జుబేదా జెప్పింది:
"స్టీలు గిన్నెకు రుద్దు చేతులు, పోతది."
పోయింది. పూర్తిగ గాదు.
జాకెట్టు చంకల, జడ కొసల, గోళ్ల సందుల
ఒక పొలుసు ఎప్పుడూ మెరుస్తనే ఉంటది.

తలకు మాత్రం ఆదివారం.
కుంకుడుకాయలు రాత్రే నానబెట్టి,
వల ముడులేయమని ఓదెలును అవతలి మొనకు తోలి,
చీర అడ్డం గట్టుకొని
మూడు చెంబులు. లెక్క మూడే.
ఒకటి తడువనీకె, ఒకటి నురుగు వోనీకె,
మూడోది ఊకెనే,
కండ్లు మూసుకొని, నాకోసం.

ఆ మూడు రోజుల సంగతి ఎవ్వలూ అడుగరు.
చేప నెత్తురు అంటిన వలనేమో
పడవ మొన మీద ఎండల ఆరేస్తం, లోకమంత జూడంగ.
నా గుడ్డను తాటిపత్రి కింద దాచాలె.
నీడల అది ఆరది, చెమ్మ వాసన.
ఒక యేడు ఇసుగొచ్చి
రెండింటినీ పక్కపక్కన ఆరేసిన.
గోదారేం ఎండిపోలె.
ఓదెలు జూసిండు. ఏమనలె.
వలను జరంత అటు జరిపి
ఎండ తగిలేటట్టు జాగ జేసిండు.

మొన్న బరాజు గేట్లు మూసిండ్రు.
నీళ్లు నిలవడ్డయి.
గాలి ఎటు గొడితే పడవ మొన అటు తిరుగుతాంది.
ఇత్తడి చెంబు పట్టుకొని నిలవడ్డ,
ఎగువేదో ఎరుక గాలె.
ఈ మొన కాడ ముంచి వాసన జూసిన,
ఆ మొన కాడ ముంచి వాసన జూసిన.
పొద్దున కడిగిన పులుసు గిన్నె మీది పసుపు జిడ్డు
మాపటికి తిరిగొచ్చి
పడవ పక్కకే ఆనుకున్నది,
ఇల్లు గుర్తువట్టిన కోడిలెక్క.

ఓదెలు తెడ్డు అందుకున్నడు.
పొయ్యిని, కుక్కను, బిందెను, నన్ను
రెండు కోసులు మీదికి తోలుకపోయిండు
ప్రాణహిత వచ్చి కలిసే కాడికి.
రెక్కలు గుంజుతున్నా ఆగలె.
ఆడ నీళ్లల్ల చెయ్యి వెట్టి, "జూడు" అన్నడు.
నేనూ వెట్టిన.
పరక గాలాన్ని కొరికినంత సన్నగ
ఏదో వేళ్లను లాగుతాంది.

ఆ లాగే దిక్కుకు ఎదురుంగ
ఇత్తడి చెంబు ముంచిన.
తేటగుంది, సల్లగుంది.
ఎన్నాళ్లకో అని మొఖానికెత్తుకునే లోపట
మొదటి చెంబు కుక్క తాగింది.