గొళ్లెం

కాగితం హైదరాబాద్ నుంచి వచ్చింది.
"పనిచోట మీ క్షేమం" అని పైన,
కింద ఇరవై ప్రశ్నలు, ఒక్కోదానికి ఐదు గళ్లు.
నిద్ర ఎట్లున్నది, ఆకలి ఎట్లున్నది,
పోయిన నెలల ఎన్నిసార్లు ఏడుపొచ్చింది.

నల్లగొండ పెద్దాసుపత్రి, క్యాజువాలిటీ.
రాత్రి రెండు దాటింది.
పెన్ను మూత తీసిన్నో లేదో
నార్కట్‌పల్లి కాడ లారీ గుద్దిన బండి మీది ఇద్దరు.
ఒకరికే ఊపిరున్నది.
చేతికి దొరికింది ఆ కాగితమే,
దాని మీదనే రక్తం గ్రూపు రాసుకున్న.

అటెన్క మర్రిగూడ పిల్లగాడు.
పురుగుల మందు వాసన మనిషి కంటే ముందొస్తది,
గేటు దాటంగనే తెలుస్తది.
కంటిపాప ఆవగింజంత.
అట్రోపిన్. ఇంకో అట్రోపిన్.
ఆ గింజ ఎప్పుడు విచ్చుకుంటదా అని
టార్చి పట్టుకొని తెల్లారేదాక నిలబడ్డ.
వాళ్ల నాయిన బత్తాయి తోటకు కావలి,
చేతిసంచిల ఆరు కాయలు.
"మీరేమన్న తిన్నరా, మేడం" అన్నడు.
కాగితంల లేదు ఆ ప్రశ్న.

మాకో గది లేదని కాదు.
విరిగిన స్ట్రెచర్లు మూడు,
పోలియో చుక్కల ఖాళీ డబ్బాలు,
వాటి నడుమ ఒక మంచం.
తలుపున్నది. గొళ్లెం లేదు.
రెప్ప వాలిందంటె ఎవరో ఒకరు నెట్టుకొనొస్తరు,
సంతకానికి చీటీ, పంచనామాకు పోలీసాయన,
బాత్రూం ఇదేనా బిడ్డా అని ఒక ముసలవ్వ.
రాఘవాచారి సారు ఆ మంచం మీదనే
బూట్లు ఇడవకుంట పండేటోడు, పదకొండేండ్లు.
ఒకనాడు పొద్దుగాల డ్యూటీ అప్పజెప్పి
స్టెతస్కోపు మొలకు తగిలించి పోయిండు.
మిర్యాలగూడల తమ్ముని రైసుమిల్లు లెక్కలు జూస్తున్నడట.
మంచిగున్నరా సార్ అని ఫోన్ జేస్తె,
"వడ్లు చచ్చిపోవమ్మా" అన్నడు.
"తూకం తప్పితె మళ్ల తూస్తం."

కాగితం అడుగున "మీ సూచనలు" అని నాలుగు గీతలు.
నుస్రత్ యోగా అని రాసి, తనే కొట్టేసింది.
ఆరుగురుండాల్సిన కాడ ముగ్గురమున్నమని రాద్దామనుకున్న.
అది పోయినేడు రాసినం.
అంతకు ముందటేడు గూడ.
ఈసారి ఒక్క మాట రాసిన:
గొళ్లెం.

జవాబు రాలే.
సైదమ్మ తెచ్చింది.
ప్రకాశం బజార్ల అరవై రూపాయలు, నాలుగు మొలలు ఉత్తగనే.
ఊడ్చే చీపురు పక్కకువెట్టి
స్ట్రెచర్లు ఎండలకు గుంజింది, నేల కడిగింది,
ప్లాస్టర్ల గదిల సుత్తె అడిగి తానే కొట్టింది,
కొంచెం వంకర.

పిల్లగాడు మూడో నాడు నాలుగింటికి పోయిండు.
అప్పటికి కంటిపాప మంచిగనే విచ్చుకున్నది.
ఊపిరే మాట వినలే.
ఆయనకు నేనే చెప్పిన.
చెప్పేటప్పుడు చేతులెక్కడ పెట్టుకోవాల్నో
ఏ పుస్తకంల లేదు.
ఆయన గోడకు ఆనుకొని, చాన సేపటికి,
సంచి నా బల్ల మీద పెట్టి
బిడ్డ కోసం వచ్చిన బండి దిక్కు నడిచిండు.

నుస్రత్ నా మెడల నుంచి స్టెతస్కోపు తీసుకున్నది.
"పది నిమిషాలు" అన్నది.
"పాము కాటు ఒచ్చింది గదా" అన్న.
"నాకు గూడ డిగ్రీ ఉన్నది, పో."

లోపలికి పోయి గొళ్లెం పెట్టుకున్న.
ఆ చప్పుడు ఎంత చిన్నగున్నదో.
పండుకోలే. ఒక కాయ ఒలిచిన,
పులుపు, ఇంక మాగలే.
తొనలన్ని తిన్న, గింజలు అరచేతిల పెట్టుకొని
ఎంతసేపు ఏడ్చిన్నో లెక్కవెట్టలే.

బయట స్టూలు కిర్రుమన్నది.
ఎవరో మొగాయన, గొంతు పెద్దది:
"డాక్టరమ్మ ఏది? తలుపు కొట్టు."
"ఇంకో మేడం ఉన్నది, అటు పో"
అన్నది సైదమ్మ.
"ఈ గదిల పేషెంటున్నది."

మొఖం కడుక్కొని గొళ్లెం తీస్తుంటె
ఒక మొల వదులైనట్టనిపించింది.
రేపు బిగియ్యాలె.