తెరకి గ్రేడు

కాశీబుగ్గలో మా జీడి ఫ్యాక్టరీ మేడ మీద
ఒకప్పుడు డబ్బాలు పేర్చిన గది.
పొడవు పద్నాలుగడుగులు, వెడల్పు పదకొండు.
ఎన్ని సున్నాలు వేసినా గోడల్లోంచి జీడినూనె వాసన.
అందులో సినిమా వేసుకోవాలని
యాభై రెండో ఏట పుట్టింది నాకో కోరిక.
మా ఆవిడ నవ్వింది:
“కొట్టుగదికి పెళ్లికూతురి ముస్తాబు!”

ప్రొజెక్టర్ సంగతి తొందరగానే తేలింది.
శ్రీకాకుళంలో షాపున్న బామ్మర్ది డిల్లేశ్వరరావు
నాలుగు పెట్టెలు తెచ్చి వరసగా దించాడు.
చవకది అట్ట మీద తొమ్మిది వేల ల్యూమెన్లని రాసుకుంది;
వెలిగిస్తే, గాలి తగ్గిపోయిన పెట్రోమాక్స్ లైటు.
రెండోదాని బొమ్మ బాగుంది గానీ
ఫ్యాను రొద మా బోర్మా గదిలో బ్లోయరే.
మూడోది పదడుగుల దూరం నుంచి
నూరంగుళాలు చప్పుడు లేకుండా పరిచింది.
నాలుగోదాని ధర విన్నాక
మూడోదే ఇంకా బాగా కనబడింది.

చిక్కంతా తెర దగ్గర.
చేతిరుమాలంతేసి ముక్కలు ఆరు ఇచ్చి వెళ్లాడు:
మ్యాట్ తెలుపు, మెరుపు తెలుపు, వెండి,
లేత బూడిద, ముదురు బూడిద,
ఇంకొకటి, పేరు నా నోరు తిరగనిది.
రాత్రంతా తిప్పి తిప్పి చూశాను.
సగం తెలుపు, సగం మాసిన తెలుపు.
అంతకు మించి నా కంటికి ఆనలేదు.

పొద్దున్నే కిందకి తీసుకెళ్లి
గ్రేడింగు బల్ల మీద దమయంతి ముందు పెట్టాను.
ఇరవై మూడేళ్లుగా
తెలుపులోంచి తెలుపుని ఏరుతున్న మనిషి.

“ఏటి బాబూ ఇవి, జాకెట్టు ముక్కలా?”
సినిమా తెర, అన్నాను.
ఉత్తరం కిటికీ దగ్గరకి పట్టుకెళ్లింది.
మొదటిది చూసి, “ఇందుల నీలిమందు కలిసిపోనాది.”
రెండోది అటూ ఇటూ వంచి,
“మెరుస్తంది గానీ, పక్కకి జరిగి సూస్తే సచ్చిపోతంది.”
వెండిదాన్ని ముట్టుకోలేదు.
ఆగి అడిగింది:
“మరి నలుపు ఎలగేస్తది మీ మిషను?”

డిల్లేశ్వరరావుకి ఫోన్ కలిపాను.
“నలుపు వెయ్యదు బావా, ఏ మిషనూ వెయ్యలేదు.
వెలుతురు పడని చోటే నలుపు.
తెర ఎంత ఉండనిస్తే అంత.”

స్పీకర్లో ఆమె కూడా విన్నది.
కిటికీ రెక్క ఓరగా మూసి,
నా సెల్లు లైటు పట్టుకోమని,
ఒక్కో ముక్క మీదా తన చేతి నీడ వేసింది.
నీడనీ చేతినీ మార్చి మార్చి చూసింది.

సీజన్లో మనుషులు చాలకపోతే
కటింగుకీ తనే కూర్చుంటుంది.
ఆముదం రాసుకున్నా, బూడిద పూసుకున్నా
ఆగే సరుకు కాదు జీడి.
ఆ వేళ్లని నేనెప్పుడూ చూడలేదనలేను.
వారం వారం డబ్బులు పెట్టింది ఆ చేతిలోనే.

తెల్లముక్క మీద నీడ ఎలుకరంగు.
ముదురు బూడిద మీద అచ్చం ఆ వేళ్ల రంగు,
కానీ పక్కన పెట్టిన నూట ఎనభై నంబరు గుండు ముందు
ఆ ముక్క మీద పడ్డ వెలుగు వెలవెలబోయింది.
లేత బూడిదని నా వైపు తోసింది.
“ఇది రెండిటినీ బతకనిస్తది.”

తర్వాత గింజల్లోకి చేతులు పెడుతూ,
“ఆ గదిలో ఎంతమంది పడతారు బాబూ?”
ఎనిమిది కుర్చీలు, అన్నాను.
తలూపింది.
బల్లకి అటూ ఇటూ ముప్పై ఒక్క మంది
తలెత్తకుండా ఏరుతున్నారు.

సాయంత్రం లెక్కల పుస్తకం తెరిచాను.
దమయంతి పేరుకి ఎదురుగా
రోజూ కన్నా నాలుగు కిలోలు తక్కువ.
ఆ నాలుగు కిలోలూ కలిపి రాసి,
పక్కన ‘తెర’ అని రాసి,
ఆ మాట కొట్టేసి, మళ్లీ రాశాను.

లేత బూడిద వచ్చి గోడకెక్కింది.
ప్రొజెక్టర్ కప్పుకి వేలాడుతోంది.
కుర్చీలకి మాత్రం
ఇంకా ఆర్డరు ఇవ్వలేదు.