గరుకు ఉసికె

గుబార్ లేచి మూడు రోజులు.
మిష్రెఫ్‌ల ఇండ్లన్ని ఒక్కటే రంగు,
ఎండిన జొన్నరొట్టె రంగు.
బ్రష్షు, వల, పైపుచుట్ట భుజానేసుకొని
వెనక గేటు తట్టిన.

నీళ్లు నీళ్లలెక్క లేవు.
చాయ్ మీద మీగడ గట్టినట్టు దుమ్ము పొర,
లోపటి మెట్లు కనవడుతలేవు.
ముందుగాల బుట్ట దీసిన:
కాగితప్పూల రెక్కలు దోసెడు,
రెండు కందిరీగలు, ఒక బల్లిపిల్ల,
చిన్నపోరి జడపిన్ను, గులాబి రంగుది.
పిన్ను కడిగి గోడ మీద పెట్టిన.
బల్లిని ఎక్కడ పెట్టాల్నో తెల్వక
కొంచెంసేపు చేతులనే ఉంచుకున్న.

ఫిల్టరు నెత్తిమీది ముల్లు
ఎర్రగీత కాడ నిలవడ్డది.
మోటరు బందు జేసినంకనే పిడి తిప్పాలె,
నడుస్తుండంగ తిప్పితే లోపటి రబ్బరు చీరుతది.
కుంజుమోన్ నేర్పిన మొదటి పాఠం ఇది.
రెండోది: ఇంటామె బయటికొస్తే
చూపు నీళ్ల మీదికెల్లి తీయకు.

పిడి తిప్పి మోటరేసిన.
నీళ్లు ఎనుకకు నడిచినయి.
చిన్న గాజుకంట్ల మొదలు బురద,
ఎనుక పలుచటి మజ్జిగ.
రెండు నిమిషాలు చాలంటది కాయితం.
ఏడైనయి. మజ్జిగ మజ్జిగనే, ముల్లు దిగది.
ఫోన్ల కుంజుమోన్ అన్నడు:
ఉసికె సచ్చిపోయింది, మార్చు.

ఇంత ఎడారి నడుమ
బస్తాలల్ల ఉసికె కొంటరు.
వచ్చిన కొత్తల నవ్విన నేను.
గోడ దాటితే ఉన్నదంత అదే గదా, దినార్లెందుకని.
కుంజుమోన్ నా ఎడమచేతుల ఎడారి చిటికెడు వోసి,
కుడిచేతుల బస్తాది చిటికెడు వోసి
వేలుతోని రుద్దుమన్నడు.
గాలి దొర్లిచ్చి దొర్లిచ్చి
ఎడారి గింజ గుండ్రంగైంది.
దేన్ని పట్టది, దేన్ని ఆపది.
బస్తాదానికి కోసులున్నయి.
కోసుకే మురికి చిక్కుతది.

కోసిన నీళ్ల డబ్బతోని పాత ఉసికె తోడుతున్న.
భుజం దాక చెయ్యి లోపటనే.
వంటింటి తలుపు కాడికెల్లి హుసేనమ్మ,
రాయచోటి మనిషి, ఈడికొచ్చి పంతొమ్మిదేండ్లు:
"ఏమప్పా లింగా, ట్యాంకీలోకే దూరిపోతావా ఏంది?
ఆ కడిగిన నీళ్లు రోడ్డుకు పోనీకు,
నా గోంగూర పక్కకు ఇడువు."
పుంటికూర, అన్న నేను.
"పేరు మారిస్తే పులుపు పోతాదా!"

గోడవార ఎనిమిది మొక్కలు,
పాల డబ్బాలల్ల మూడు, నేలల ఐదు.
పైపు అటు మళ్లిచ్చిన.
ఆమె వంగి దుమ్ము ఆకు ఆకుకు తుడుస్తనే చెప్పింది:
"పొద్దన్నే ఫోనొచ్చింది, మా పెద్దక్క పోయినాదంట.
విన్నా. సరే అన్నా.
పిల్లోళ్లకు బడి టయమైతాంది, గుడ్లు ఏంచినా."
ఏమనాల్నో తెల్వక
నీళ్లు ఎక్కువైతున్నయా అని అడిగిన.
చాలు, అన్నది. పైపు మాత్రం నేను తీయలే.

కొత్తది పోసేముందు సగం దాక నీళ్లు నింపాలె.
వట్టి ట్యాంకుల ధడాలున పోస్తే
అడుగున ప్లాస్టిక్ వేళ్లుంటయి, ఇరుగుతయి.
బస్తా మూతి కొంచెం కొంచెమే వంచిన,
చంటిపిల్లకు నీళ్లు పోసినట్టు.
నాలుగు బస్తాలు. ముంజేతులు గీసుకపోయినయి.
మూత బిగిచ్చి, ఎనుకకు నడిపి,
ఒకసారి తొలిపి, మళ్ల ముందుకు.
ముల్లు దిగింది.
మాపటికి నీళ్లల్ల మొదటి మెట్టు అగుపడ్డది,
రెండోది అనుమానంగ.

పోతుంటె పాత మయోనీజు సీసల
పచ్చడి పెట్టిచ్చింది హుసేనమ్మ.
గోడమీది పిన్ను ఆమె కొంగుకున్నది.

రూముల ఆరుగురం, ఒక్కటే బల్బు.
అన్నంల కలుపుకుంటె
పంటికింద ఒక గింజ కరుక్కుమన్నది.
ఎడారిదో బస్తాదో,
నాలుకకు ఎరుక కాలే.
ఉమ్మబోయి ఆగిన.