మూడో బల్ల

రాజధాని మీద బాంబులు పడ్డ మర్నాడు
దీపాలార్పిన రైల్లో మా ఊరొచ్చింది పార్లమెంటు.
బడిలో దిగింది.
నా పేరు సైమా. పొయ్యిలు రాజేయడం నా పని.

ఆ ఏడు చలి ఎలాంటిదంటే
తలుపు గొళ్ళెం ముట్టుకుంటే
వేలితోలు దానికే ఉండిపోయేది.
ఎంత సభ్యులైతేనేం,
పిల్లల బల్లల కింద మోకాళ్ళు పట్టక
పక్కకి తిరిగి కూర్చున్నారు.

మూడో బల్ల మీద ఇద్దరు.
కిటికీ వైపు నికులా, భూములున్న కామందు.
గోడ వైపు లెహ్తొసారి, రంపపు మిల్లు కూలీల మనిషి.
ఇరవై ఒక్కేళ్ళ కిందట
ఒకరి వాళ్ళు ఇంకొకరి వాళ్ళని
గోడకి నిలబెట్టి కాల్చారు.
మా నాన్నా ఒక గోడ ముందు నిలబడ్డవాడే.
ఏ రంగు వాళ్ళు కాల్చారో చెప్పను.
ఈ పొయ్యిలు వెలిగినన్నాళ్ళూ చెప్పొద్దని
అమ్మ ఒట్టేయించుకుంది.

మొదట్లో ఎడమొహం పెడమొహం.
కాని బల్లకి సిరాబుడ్డి ఒకటే.
గడ్డకట్టిన సిరాని నేను కరగబెట్టి తెస్తే
"ముందు మీరు", "అబ్బే, మీరే" అంటూ
అలిగిన వియ్యంకుల్లా కలాలు ముంచేవారు.

సంకీర్ణం అన్న మాట అప్పుడే విన్నాను.
నాకు తెలిసింది కట్టెల సంగతి:
పచ్చి బర్చ్ కట్టె ఒక్కటే వేస్తే పొగ.
ఎండుదాని పక్కన పెడితే మండుతుంది,
మండుతూ కూడా బుసకొడుతుంది.

ఓ సాయంత్రం లెహ్తొసారికి తంతి వచ్చింది.
కొడుకు.
చదివి, మడిచి, జేబులో పెట్టుకుని
యుద్ధపు పన్ను మీద లేచాడు.
నికులాని పేరెట్టి తిట్టాడు.
ఓటు మాత్రం ఆయనతో పాటే వేశాడు.

సభ లేచాక నేను బూడిద ఎత్తడానికి వెళ్తే
కామందు తన గొర్రెతోలు కోటు విప్పి
ఆయన భుజాల మీద వేస్తున్నాడు.
ఆయన వద్దనలేదు. తలెత్తి చూడనూ లేదు.
"ఆ పన్ను తప్పు."
"తప్పే. రేపు మాట్లాడదాం."

మార్చిలో రేడియో సంధి చదివింది.
అప్పటికే వాళ్ళు రాజధానికి తిరిగి వెళ్ళిపోయారు.
మా అక్క ఊరు సరిహద్దుకి అవతల పడింది.
అక్క నాలుగు చెంచాలు, ఒక ఆవుతో ఇవతలికొచ్చింది.

బడి తెరిచారు. గోడ మీది పాత పటం
దించెయ్యమంది టీచరమ్మ.
కట్టెలు తడిగా ఉన్నాయి,
పొయ్యి చూసుకోవాలి, తర్వాతన్నాను.

ఎండాకాలం వచ్చింది. పొయ్యితో పనిలేదు.
పటం ఇంకా అక్కడే ఉంది.